చలికి హీటర్ రాడ్డు దించుతున్నారా? మల్టీమీటర్ కొనేముందు, దానితో రాడ్డు కొలిచేముందు ఈ జాగ్రత్తలు

పోయిన వారం మా వీధి చివరి పీజీలో అనంతపురం కుర్రాడికి షాక్ కొట్టింది. బకెట్‌లో రాడ్డు ఉండగానే, నీళ్ళు కాగాయో లేదో చూద్దామని వేలు పెట్టాడు. పక్క రూము అబ్బాయి పరుగున వచ్చి స్విచ్ ఆపబట్టి బతికి బయటపడ్డాడు. నేను వెళ్ళేసరికి పీజీ ఓనరు చేతిలో పసుపు రంగు మల్టీమీటరు (ఓమ్‌లు, వోల్టులు కొలిచేది) ఉంది. "అన్నా, మొన్ననే చెక్ చేశాను. 35 చూపించింది. కాయిల్ బాగానే ఉంది" అన్నాడు.

ఆయన అబద్ధం చెప్పలేదు. 1500 వాట్ల రాడ్డుకు 35 ఓమ్‌లే రావాలి (ఓమ్ అంటే కరెంటుకు తగిలే అడ్డుకు కొలత). అదే మీటరు తీసుకుని ఒక ప్రోబు ప్లగ్గు పిన్నుకు, రెండోది రాడ్డు గొట్టానికి ఆనించాను. 6 కిలో ఓమ్‌లు చూపించింది, అక్కడ అసలు అంకే రాకూడదు. ఓనరు ఆ అంకె వైపు చూశాడు కానీ దాని అర్థం ఆయనకు తెలియలేదు. 230 వోల్టుల దగ్గర ఆ దారిన 38 మిల్లీ ఆంపియర్ల దాకా కరెంటు కారగలదు. ప్లగ్గు చూస్తే ఎర్త్ పిన్ను (పైన ఒంటరిగా ఉండే లావు పిన్ను) లేదు. ఎక్స్‌టెన్షన్ బాక్సులో పట్టడం లేదని ఎవరో విరగ్గొట్టేశారు.

నేను బెంగళూరులో అపార్ట్‌మెంట్ల కరెంటు పని చూస్తాను. కార్తీక మాసం వచ్చిందంటే మారతహళ్ళి, బీటీఎం చుట్టుపక్కల మనవాళ్ళున్న పీజీల్లో రాడ్లన్నీ ఒక్కసారి అటక దిగుతాయి. వానలన్నీ ఆ అటక మీదే తిన్న రాడ్లవి. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

అసలు తప్పు ఒకటే. ఫేజ్, న్యూట్రల్ అనే రెండు పిన్నుల మధ్య కొలిచి, అంకె వచ్చింది కదా అని వదిలెయ్యడం.

ఎందుకు తప్పో చెబుతాను. రాడ్డు గొట్టం మధ్యలో నైక్రోమ్ తీగ చుట్టలు చుట్టి ఉంటుంది, అదే కాయిల్. దాని చుట్టూ తెల్లటి పొడి కూరి ఉంటుంది, అది మెగ్నీషియం ఆక్సైడ్. వేడిని బయటికి పంపుతుంది, కరెంటును ఆపుతుంది. ఆ పొడికి ఒక్కటే జబ్బు, తడి పీల్చుకుంటుంది. మూత దగ్గర సీలు పోయినా, గొట్టానికి వెంట్రుకంత పగులు వచ్చినా చెమ్మ లోపలికి దిగుతుంది. అప్పుడు తీగలోని కరెంటు గొట్టం మీదికి వస్తుంది, గొట్టం నుంచి నీళ్ళలోకి. ఇంత జరిగినా తీగ తెగలేదు కాబట్టి రెండు పిన్నుల మధ్య మీటరు అదే 35 చూపిస్తుంది. నీళ్ళు కూడా బాగానే కాగుతాయి. ఆ అంకె మీకు నీళ్ళ సంగతి చెబుతుంది, ప్రాణం సంగతి చెప్పదు.

ఇక మీటరు. బెంగళూరు ఎస్పీ రోడ్డు కరెంటు సామాన్ల దుకాణాల్లో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నా మూడు చూడండి. 200 ఓమ్‌ల రేంజ్‌లో అంకె నిలకడగా ఉండాలి. రెండు ప్రోబుల మొనలు ఒకదానికొకటి ఆనిస్తే 0.2 నుంచి 0.5 దాకా చూపిస్తుంది, అది వైర్ల ఓమ్. కొలిచినప్పుడల్లా దాన్ని తీసెయ్యాలి. రెండోది, పై రేంజ్ 20 మెగా ఓమ్‌ల దాకా ఉండాలి. చవక మీటర్లు 2 మెగా ఓమ్‌ల దగ్గరే ఆగిపోతాయి. మూడోది, వైర్లు దూర్చే రంధ్రాల పక్కన క్యాట్ త్రీ (CAT III), 600 వోల్టులు అని ఉండాలి, అది ఇంటి కరెంటు కొలవడానికి తగిన భద్రతా గ్రేడు. 10 ఆంపియర్ల రంధ్రం దగ్గర ఫ్యూజ్ లేదని రాసి ఉంటే ఆ మీటరు మెయిన్స్ (230 వోల్టుల ఇంటి కరెంటు) దగ్గరికి తేవద్దు. ఎర్ర వైరు ఆ రంధ్రంలో మర్చిపోయి సాకెట్‌లో వోల్టేజీ చూడబోతే నేరుగా షార్టే, చేతిలోనే పేలుతుంది.

కాయిల్ ఓమ్ మీటర్ అని వెతికితే అరచేతిలో పట్టే చిన్న డబ్బాలు కూడా కనిపిస్తాయి. అవి ఈ-సిగరెట్ కాయిల్స్ సొంతంగా చుట్టుకునేవాళ్ళ కోసం చేసినవి. ఆ కాయిల్స్ చాలావరకు ఒక ఓమ్ అటూఇటూ ఉంటాయి కాబట్టి ఆ డబ్బాలు సాధారణంగా 9.99 ఓమ్‌ల దగ్గర ఆగిపోతాయి. మన రాడ్డుకు పనికిరావు. (ఈ-సిగరెట్లు తయారు చేయడం, అమ్మడం మన దేశంలో 2019 నుంచి నిషేధం. ఆ జోలికి పోవద్దు.)

రాడ్డు మీద ఉన్న వాట్లను బట్టి రెండు పిన్నుల మధ్య రావాల్సిన ఓమ్‌లు ఇవి: 1000 వాట్లకు 53, 1500కు 35, 2000కు 26, 3000 వాట్ల ఇన్‌స్టంట్ గీజరుకు 17 నుంచి 18. ఒకటి రెండు అటూఇటూ ఉంటే కంగారు పడకండి. గీజరు దగ్గర మాత్రం ఏమీ చూపించకపోతే కాయిల్ కాలిపోయిందని తేల్చెయ్యకండి, థర్మోస్టాట్ (వేడెక్కగానే కరెంటు ఆపే స్విచ్) తెరుచుకుని ఉండొచ్చు. వైర్లు విప్పి, అవి బిగించే కాయిల్ చెవుల దగ్గరే కొలవాలి.

ఇది మొదటి కొలత మాత్రమే. ఇక్కడే ఆగిపోయినవాళ్ళను నేను చాలామందిని చూశాను. రెండు పిన్నుల మధ్య కొలిచి ఆగిపోకండి.

రెండో కొలత: ఎర్త్ పిన్నుకూ గొట్టానికీ మధ్య. వైర్ల ఓమ్ తీసేశాక దాదాపు సున్నా రావాలి. అర ఓమ్ దాటితే వైరు మార్చాలి. రాడ్డుకు అసలు ఎర్త్ పిన్నే లేకపోతే కొలవడం కూడా దండగ, వాడొద్దు.

మూడో కొలత: ఫేజ్ పిన్నుకూ గొట్టానికీ, ఆ తర్వాత న్యూట్రల్ పిన్నుకూ గొట్టానికీ. పై రేంజ్ పెట్టండి. అంకె రాకూడదు. చవక మీటరులో ఎడమవైపు ఒంటరిగా 1 నిలబడాలి, మంచిదానిలో ఓఎల్ (OL, అంటే రేంజ్ దాటిందని) రావాలి. ఏ అంకె వచ్చినా, అది లక్షల్లో ఉన్నా, ఆ రాడ్డు పక్కన పెట్టండి. కొలిచేటప్పుడు రెండు మొనలను వేళ్ళతో పట్టుకోకండి, మీ ఒంటి ఓమ్‌లే కనిపిస్తాయి. పొడిగా ఒకసారి కొలిచాక గుర్తు వరకు నీళ్ళలో అరగంట ముంచి, ప్లగ్గు పొడిగా ఉంచి, ఇంకోసారి కొలవండి. పొడిగా ఉన్నప్పుడు దొంగలా దాక్కున్న పగులు తడిలో బయటపడుతుంది.

మామూలు మీటరు లోపల ఉండేది చిన్న బ్యాటరీ, ఓమ్ కొలిచేటప్పుడు నాలుగైదు వోల్టులకు మించి పంపదు. 230 వోల్టులకు మాత్రమే కారే లోపం దానికి చిక్కకపోవచ్చు. దానికి 500 వోల్టుల మెగ్గర్ (ఎక్కువ వోల్టులు పంపి ఓమ్‌లు కొలిచే మీటరు) కావాలి. 2 మెగా ఓమ్‌ల కంటే తక్కువ చూపిన రాడ్డును నేను ఎవరి చేతికీ ఇవ్వను. పీజీ నడిపేవాళ్ళు మెగ్గర్ కొనుక్కోండి. ఇంట్లో ఒక్క రాడ్డు ఉన్నవాళ్ళు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఏడాదికోసారి పెట్టించండి. మెగ్గర్ నొక్కి ఉన్నప్పుడు మొనలు ముట్టుకోవద్దు.

ఇంకా వినండి. ప్లగ్గు సాకెట్‌లో ఉండగా ఓమ్ కొలవొద్దు. గీజరు మూత విప్పేముందు ఎంసీబీ (బోర్డులోని ఆటోమేటిక్ స్విచ్) దించండి, దించాక కూడా వోల్టేజీ రేంజ్‌లో చూడండి, ఆ చూసే మీటరు పనిచేస్తోందో లేదో ముందు మంచి సాకెట్‌లో పరీక్షించండి. మీటరు బ్యాటరీ గుర్తు వెలిగితే ఆ కొలత లెక్కలోకి రాదు. టెస్టర్ స్క్రూడ్రైవర్ వెలగలేదని ధైర్యపడొద్దు. 1500 వాట్ల రాడ్డు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, 6 ఆంపియర్ల సాకెట్‌లో పెట్టొద్దు, ఎక్స్‌టెన్షన్ బాక్సులో అసలే వద్దు. ఎర్త్ పిన్ను విరగ్గొట్టొద్దు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే వెంటనే ఆపేసే స్విచ్) పెట్టించుకోండి, నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కండి. ఇనుప బకెట్ వద్దు. తడి నేల మీద ఒట్టి కాళ్ళతో నిలబడొద్దు. ప్లగ్గు ఊడదీశాకే నీళ్ళు ముట్టుకోండి, స్విచ్ ఆపితే చాలదు. పిల్లలున్న బాత్‌రూమ్‌లో రాడ్డు పెట్టి ఫోన్ మాట్లాడటానికి వెళ్ళొద్దు. నీళ్ళు కాగుతున్నాయి కాబట్టి బాగుందనుకోవద్దు. రెండు పిన్నుల మధ్య అంకె వచ్చింది కాబట్టి బాగుందని అస్సలు అనుకోవద్దు. గొట్టానికి పెట్టి చూడండి.

పాడైన రాడ్డును ఊరికే చెత్తలో పడెయ్యకండి, ఎవరో ఒకరు ఏరుకుని వాడతారు. వైరు మొదలంటా కోసి పారెయ్యండి. ఆ పీజీ రాడ్డును ఓనరు ముందే కటింగ్ ప్లయర్‌తో కోసేశాను. అక్కడ ఇంకా పదకొండు రాడ్లున్నాయి. ఆదివారం పొద్దున మెగ్గర్ తీసుకుని వస్తానని, అప్పటిదాకా ఒక్కటి కూడా ప్లగ్గులో పెట్టనివ్వొద్దని చెప్పి వచ్చాను.