మీ లైబ్రరీలో లేని పుస్తకాన్ని తెప్పించుకోవడం

విదేశీ విశ్వవిద్యాలయంలో చేరిన కొత్తలో, కావలసిన పుస్తకం కేటలాగ్‌లో కనిపించకపోతే చాలామంది దాన్ని వదిలేసుకుంటారు, లేదా సొంత డబ్బు పెట్టి కొనుక్కుంటారు. అంతకంటే ముందు ఇంటర్ లైబ్రరీ లోన్ కింద అభ్యర్థన పెట్టండి. మీ లైబ్రరీయే మరో లైబ్రరీ నుంచి దాన్ని మీ కోసం అరువు తెస్తుంది. ఇది చాలాచోట్ల ఉచితం, కొన్నిచోట్ల రుసుము ఉంటుంది కనుక ముందే కనుక్కోండి.

పుస్తకం ఎంత త్వరగా వస్తుందన్నది చాలావరకు మీరిచ్చే వివరాల మీదే ఆధారపడుతుంది. 1967లో ఒహాయో కళాశాలల ఉమ్మడి ప్రయత్నంగా మొదలైన లైబ్రరీల సంస్థ ఓసీఎల్‌సీ నిర్వహించే ఉమ్మడి ఆన్‌లైన్ కేటలాగ్ వరల్డ్‌క్యాట్‌లో ముందుగా వెతికి, ఎన్నో ముద్రణ కావాలో తేల్చుకుని, పుస్తకపు గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌తో సహా ఫారంలో రాస్తే, సిబ్బంది మళ్లీ మీకు మెయిల్ రాసి అడగవలసిన అవసరం ఉండదు. పత్రికా వ్యాసమైతే సంపుటి, సంచిక, పేజీల సంఖ్యలు తప్పనిసరి. వ్యాసాలు సాధారణంగా స్కాన్ ప్రతులుగా వస్తాయి. పాఠ్యపుస్తకాలను, అరుదైన ప్రతులను అరువివ్వడానికి చాలా లైబ్రరీలు ఒప్పుకోవు.

వచ్చిన పుస్తకం అట్టకు తరచుగా ఒక కాగితపు పట్టీ చుట్టి ఉంటుంది. గడువు తేదీ, కొన్నిసార్లు ‘లైబ్రరీలోనే చదవాలి’ అన్న షరతు దాని మీదే ఉంటాయి కనుక పట్టీని తీసేయకండి. గడువు నిర్ణయించేది పుస్తకం పంపిన లైబ్రరీ. మీ కౌంటర్‌లోని ఉద్యోగి ఎంత మంచివారైనా ఆ లైబ్రరీ ఒప్పుకోనిదే పొడిగించలేరు.

సేవ బాగుందో లేదో పుస్తకం వచ్చినప్పటికంటే రానప్పుడే బాగా తెలుస్తుందని నా అభిప్రాయం. ‘దొరకలేదు’ అని ఒక్క ముక్కతో అభ్యర్థనను మూసేసే లైబ్రరీకీ, ఎందుకు దొరకలేదో చెప్పి, కావలసిన అధ్యాయం ఒక్కటే స్కాన్ చేయించి ఇవ్వమంటారా అని అడిగే లైబ్రరీకీ చాలా తేడా ఉంది.

ఆ తేడాను నమోదు చేసే అవకాశం లైబ్రరీ సేవలపై పాఠకుల అభిప్రాయం అడిగే సర్వేలలో ఉంటుంది. 2000లో మొదలైన లిబ్‌క్వాల్ సర్వే, తన 22 ప్రధాన ప్రశ్నలలో ప్రతిదానికీ కనీసం ఎంత ఉంటే సరిపెట్టుకుంటారు, ఎంత ఉండాలని కోరుకుంటారు, నిజంగా ఎంత అందుతోంది అని మూడు అంకెలు 1 నుంచి 9 వరకు వేయమంటుంది. మొహమాటపడి అన్నిటికీ 9 వేస్తే లోటు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. వ్యాఖ్యల గడిలో మాత్రం మీరు అడిగినదేమిటో, ఎన్ని రోజులు పట్టిందో, రాకపోతే చెప్పిన కారణమేమిటో స్పష్టంగా రాయండి.