బడిలో కృత్రిమ మేధ బాధ్యతగా వాడేలా ఉపాధ్యాయినులు ముందుండి నడిపించడం ఎలా?

అమలాపురం, పాలకొల్లు వైపు హైస్కూలు పిల్లలకు కృత్రిమ మేధ (ఏఐ), అంటే అడిగినదానికి జవాబు రాసిచ్చే చాట్‌జీపీటీ లాంటి పరికరం, ఇప్పుడు కొత్త కాదు. బడి పట్టించుకున్నా పట్టించుకోకపోయినా, ఇంట్లో అమ్మ ఫోన్ తీసుకుని ప్రాజెక్టు పని దానితో రాయించుకునే పిల్లలు ఉన్నారు. దాన్ని దారిలో పెట్టడానికి కంప్యూటర్ టీచరే అక్కర్లేదు. తన పాఠమూ తన పిల్లలూ బాగా తెలిసిన ఏ ఉపాధ్యాయిని అయినా ఈ బాధ్యత తీసుకోవచ్చు.

ముందుగా, మీకు జవాబు కచ్చితంగా తెలిసిన ప్రశ్నలతో దాన్ని పరీక్షించండి. ధవళేశ్వరం ఆనకట్ట పని ఎప్పుడు మొదలై ఎప్పుడు పూర్తయింది (1847, 1852), అక్కడ వీరేశలింగం బాలికల పాఠశాల ఏ సంవత్సరంలో పెట్టారు (1874), అంతర్వేది దగ్గర సముద్రంలో కలిసే పాయ ఏది (వశిష్ఠ) అని తెలుగులోనే అడగండి. అదే ప్రశ్నను మాట మార్చి మళ్లీ అడిగి, రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పరికరం తెలియని సంగతిని కూడా తెలిసినంత ధీమాగా చెప్పగలదు, ఎందుకంటే అది తర్వాత రాదగిన మాటను అంచనా వేస్తూ వాక్యం అల్లుతుందే తప్ప ప్రతి వాక్యాన్నీ నిజంతో సరిచూసుకోదు. దొరికిన తప్పులను తేదీతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి స్టాఫ్ రూమ్‌లో ఉంచండి. తోటి టీచర్లకు ఏ శిక్షణ తరగతి కన్నా ఆ పుస్తకమే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

రెండో పని, పిల్లల వివరాలు కాపాడటం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. కాబట్టి పేరు, ఆధార్ నంబరు, ఫొటో, మార్కుల జాబితా వంటివేవీ ఈ పరికరంలో పెట్టకూడదు. ‘ఒక విద్యార్థికి హారాలు వేరుగా ఉన్న భిన్నాలను కూడటం రావడం లేదు, తేలిక నుంచి కష్టానికి వెళ్లేలా ఐదు లెక్కలు ఇవ్వు’ అని రాస్తే మీ పని జరుగుతుంది, ఆ పిల్లవాడు ఎవరో బయటపడదు.

తరగతిలో వాడేటప్పుడు వయసు చూడండి. తరగతి గదిలో ఈ పరికరాలను స్వయంగా వాడటానికి కనీసం 13 ఏళ్లు ఉండాలని యునెస్కో 2023లో సూచించింది; అంతకంటే చిన్నవారికి టీచరే అడిగి తెరమీద చూపించడం మంచిది. పెద్ద తరగతుల వారు ముందు సొంత జవాబును నోట్సులో ఎడమ పేజీలో రాయాలి, తర్వాత పరికరం ఇచ్చినదాన్ని కుడి పేజీలో రాసి, పాఠ్యపుస్తకంతో సరిపోయిన ప్రతి వాక్యం పక్కన పేజీ నంబరు వేయాలి. నంబరు దొరకని వాక్యాన్ని తరగతిలో చర్చకు పెట్టండి.

కృత్రిమ మేధతో ఆడపిల్లల ఫొటోలను మార్చి పంపే బెడద గురించి నోరు విప్పి మాట్లాడాల్సింది కూడా మీరే, ఎందుకంటే చాలామంది అమ్మాయిలు ఆ మాట ఇంట్లో చెప్పడానికి భయపడి మేడమ్ దగ్గరకే వస్తారు. వచ్చిన అమ్మాయిని తప్పు పట్టకండి, ఆ ఫొటోను ఇంకెవరికీ పంపకండి. సందేశం వచ్చిన నంబరు, సమయం రాసిపెట్టి, ప్రధానోపాధ్యాయులకు, తల్లిదండ్రులకు తెలిపి, పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించండి.

ఈ నియమాలన్నీ ఒక పేజీలో తేలిక తెలుగులో రాసి తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపించండి. ఫోన్ తల్లులదే కాబట్టి వారి అభ్యంతరాలను అక్కడే రాసుకుని నియమాలు సవరించండి. తర్వాత స్కూల్ కాంప్లెక్స్ సమావేశానికి ఆ పేజీతో పాటు తప్పుల నోటు పుస్తకాన్ని కూడా తీసుకెళ్లి, పక్క ఊరి బడుల టీచర్లు తమ సబ్జెక్టుల్లో దొరికిన తప్పులను అందులో చేర్చేలా చూడండి.