డిస్క్ తుడిచే ప్రోగ్రామ్ రాసే ముందు: డ్రైవ్ రకం గుర్తించడంలో జాగ్రత్తలు

పెన్‌డ్రైవ్‌లను ఫార్మాట్ చేసే టూల్, బ్యాకప్ తీసే స్క్రిప్ట్, పాత కంప్యూటర్లలో డేటా చెరిపే యుటిలిటీ... వీటిలో ఏది రాయాలన్నా ముందు ఒక పని తప్పదు. కంప్యూటర్‌కి ఉన్న డ్రైవ్‌లలో ఏది ఏ రకమో కోడ్‌తోనే తెలుసుకోవాలి. చూస్తే ఒక్క ఫంక్షన్‌తో అయిపోయే పనిలా ఉంటుంది. డ్రైవ్‌ల జాబితా చూపించే ప్రోగ్రామ్‌కైతే అది నిజంగానే చాలు, తప్పు పడినా స్క్రీన్ మీద ఒక మాట తేడాగా కనిపిస్తుంది, అంతే. ఆ జవాబు పట్టుకుని డిస్క్ మీద రాయడమో, చెరపడమో చేసే ప్రోగ్రామ్‌కి మాత్రం అస్సలు చాలదు.

విండోస్‌లో అందరూ మొదట పట్టుకునేది గెట్‌డ్రైవ్‌టైప్ ఫంక్షన్. అది 0 నుంచి 6 దాకా ఒక అంకె ఇస్తుంది. 0 అంటే తెలియదు, 1 అంటే ఆ దారిలో (పాత్‌లో) డ్రైవే లేదు, 2 రిమూవబుల్, 3 ఫిక్స్‌డ్, 4 నెట్‌వర్క్, 5 సీడీ లేదా డీవీడీ, 6 ర్యామ్ డిస్క్. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించిన ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కి వచ్చే జవాబు సాధారణంగా 3, అంటే ఫిక్స్‌డ్. కొన్ని పెన్‌డ్రైవ్‌లు కూడా, ముఖ్యంగా విండోస్ టు గో (పెన్‌డ్రైవ్ నుంచే విండోస్ నడిపే పాత పద్ధతి) కోసం చేసినవి, తమను ఫిక్స్‌డ్‌గానే చెప్పుకుంటాయి. పరికరం తన గురించి తాను చెప్పుకున్న మాటే ఈ అంకె. దాన్ని కంప్యూటర్ నుంచి ఊడదీయొచ్చా లేదా అన్న ప్రశ్నకు ఇది జవాబు కాదు. కాబట్టి ‘2 అయితే తుడిచెయ్, 3 అయితే వదిలెయ్’ అన్న షరతు మీద ప్రోగ్రామ్ నిలబెట్టకండి. బ్యాకప్ ప్రోగ్రామ్‌లో దీని ఫలితం ఇంకో రకంగా ఉంటుంది. ‘3 అయినవన్నీ లోపలి డిస్క్‌లే’ అనుకుంటే, బ్యాకప్ పెట్టుకునే ఎక్స్‌టర్నల్ డిస్క్‌నే మళ్లీ బ్యాకప్ తీయడానికి కూర్చుంటుంది.

పాత కోడ్‌ని ఒక భాష నుంచి మరో భాషకు మార్చేవాళ్లు ఇంకో విషయం గుర్తుంచుకోవాలి. వీబీస్క్రిప్ట్‌లో, వీబీఏలో వాడే ఫైల్‌సిస్టమ్‌ఆబ్జెక్ట్ అంకెలు వేరు. అందులో 1 రిమూవబుల్, 2 ఫిక్స్‌డ్, 3 నెట్‌వర్క్. డాట్‌నెట్‌లోని డ్రైవ్‌ఇన్ఫో, డబ్ల్యూఎంఐలోని (విండోస్ తన గురించి సమాచారం ఇచ్చే వ్యవస్థ) లాజికల్ డిస్క్ క్లాస్ మాత్రం గెట్‌డ్రైవ్‌టైప్ అంకెలనే పాటిస్తాయి. సీ షార్ప్‌లో ‘2 అయితే ఫార్మాట్’ అని రాసిన షరతును అలాగే వీబీస్క్రిప్ట్‌లోకి తెస్తే, అది పెన్‌డ్రైవ్‌ని వదిలేసి సిస్టమ్ డిస్క్ మీదికి వెళ్తుంది. కంపైలర్ ఒక్క మాట కూడా అనదు. అంకెలు రాయొద్దు, పేరున్న కాన్‌స్టెంట్‌లే వాడండి. స్క్రిప్ట్‌లో ఆ పేర్లు దొరకకపోతే ఫైల్ మొదట్లో మీరే డిక్లేర్ చేసుకోండి.

గెట్‌డ్రైవ్‌టైప్‌కి దారి ఇచ్చేటప్పుడు చివర బ్యాక్‌స్లాష్ తప్పనిసరి. అంతకంటే మెలిక ఇంకోటుంది. దారి బదులు నల్ (విలువ ఏదీ లేదనే గుర్తు) ఇస్తే అది ఎర్రర్ ఇవ్వదు, ప్రస్తుత ఫోల్డర్ ఉన్న డ్రైవ్ రకం చెప్పేస్తుంది. అంటే వేరియబుల్‌లో విలువ పడకపోయినా మీకు చక్కటి జవాబు వస్తుంది, కాకపోతే వేరే డ్రైవ్ గురించి. పిలిచే ముందు దారి ఖాళీగా లేదని చూసుకోవాలి.

కార్డ్ లేని కార్డ్ రీడర్‌కి, డిస్క్ లేని డీవీడీ డ్రైవ్‌కి కూడా సీ, డీ లాంటి డ్రైవ్ అక్షరం ఉంటుంది, రకం కూడా వస్తుంది. సైజో, లేబులో అడిగితేనే ఎక్సెప్షన్ పడుతుంది. డ్రైవ్‌ఇన్ఫోలో ముందు ఈజ్‌రెడీ (డ్రైవ్ సిద్ధంగా ఉందో లేదో చెప్పే విలువ) చూడండి, అయినా ఎక్సెప్షన్‌ని పట్టుకునే ట్రై క్యాచ్ ఉంచండి. ఈ రెండింటి మధ్యలో ఎవరైనా కార్డ్ లాగేయొచ్చు కదా. అలాగే అడ్మినిస్ట్రేటర్‌గా నడిపిన ప్రోగ్రామ్‌కి, మామూలు యూజర్‌గా మ్యాప్ చేసుకున్న నెట్‌వర్క్ డ్రైవ్‌లు చాలాసార్లు కనిపించవు. జాబితాలో లేదంటే అసలు లేదని తేల్చేయకండి.

డ్రైవ్ అక్షరం అంటే డిస్క్ కాదు. ఒకే డిస్క్ మీద సీ, డీ, ఈ మూడూ ఉండొచ్చు. సబ్‌స్ట్ కమాండ్‌తో ఒక ఫోల్డర్‌కే అక్షరం తగిలించి ఉండొచ్చు, అదీ సాధారణంగా ఫిక్స్‌డ్‌గానే కనిపిస్తుంది. అక్షరమే లేకుండా ఫోల్డర్‌లో మౌంట్ అయిన వాల్యూమ్‌లూ (ఫైల్‌సిస్టమ్ ఉన్న భాగాలు) ఉంటాయి. మీరు మొత్తం డిస్క్‌ని తుడుస్తుంటే, ముందుగా విండోస్ ఉన్న వాల్యూమ్ ఏ ఫిజికల్ డిస్క్ మీద ఉందో వాల్యూమ్ డిస్క్ ఎక్స్‌టెంట్స్ ఐఓకంట్రోల్‌తో (డ్రైవర్‌ని నేరుగా అడిగే పిలుపు) అడిగి, ఆ డిస్క్ నంబర్‌ని ముట్టుకోకూడని జాబితాలో వేయాలి. ఆ నంబర్‌ని ఫైల్‌లో దాచుకుని రేపు వాడొద్దు. రీబూట్ అయినా, ఇంకో డిస్క్ తగిలించినా అది మారిపోవచ్చు.

డిస్క్ ఎలా తగిలించి ఉందో తెలియాలంటే స్టోరేజ్ క్వెరీ ప్రాపర్టీ అనే ఐఓకంట్రోల్ అడగండి. అది ఇచ్చే బస్ టైప్‌లో (ఏ రకం కనెక్షనో చెప్పే అంకె) 7 యూఎస్‌బీ, 11 సాటా, 17 ఎన్‌వీఎంఈ. నా లెక్కలో రిమూవబుల్ జెండా కంటే ఇదే నమ్మదగ్గది. అయినా 8 వస్తే వెనక రెయిడ్ (డిస్క్‌లను కలిపి ఒకటిగా చూపించే పద్ధతి) కంట్రోలర్ ఉన్నట్టు, అసలు డిస్క్‌లు దాని చాటున ఉంటాయి. ఈ ప్రశ్న అడగడానికి క్రియేట్‌ఫైల్‌లో యాక్సెస్ విలువ సున్నా ఇచ్చి హ్యాండిల్ (డిస్క్‌తో పని చేయడానికి సిస్టమ్ ఇచ్చే పట్టు) తెరిస్తే చాలు, రాసే హక్కు అక్కర్లేదు. గుర్తించే భాగం మొత్తాన్ని ఇలా సున్నా యాక్సెస్‌తోనే రాయండి. రాసే హ్యాండిల్‌ని చివరి క్షణం దాకా తెరవకండి.

ఎస్‌ఎస్‌డీనా, తిరిగే డిస్కా అన్నది మళ్లీ వేరే ప్రశ్న. విండోస్‌లో సీక్ పెనాల్టీ ప్రాపర్టీ (చదివే తల కదలడానికి సమయం పడుతుందా అన్నది), లినక్స్‌లో సిస్ బ్లాక్ కింద క్యూ ఫోల్డర్‌లోని రొటేషనల్ ఫైల్ దీనికి జవాబిస్తాయి. మధ్యలో యూఎస్‌బీ అడాప్టర్ ఉంటే ఎస్‌ఎస్‌డీకి కూడా రొటేషనల్ 1 అని రావడం మామూలే. వర్చువల్ మెషీన్‌లోనూ ఈ జవాబుని నమ్మలేం. వేగం కోసం ఈ విలువ వాడుకుంటే నష్టం లేదు. డేటా చెరిపే పద్ధతి దీన్ని బట్టి ఎంచుకుంటే మాత్రం ఆలోచించాలి. ఎస్‌ఎస్‌డీలో కంట్రోలర్ రాతలను వేరే సెల్స్‌లోకి మళ్లిస్తుంది, అందుకే పైపైన సున్నాలు రాసినా పాత డేటా మిగిలే అవకాశం ఉంది. దానికి సెక్యూర్ ఎరేజ్ లాంటి డ్రైవ్ సొంత కమాండ్ కావాలి.

లినక్స్‌లో ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు బూట్‌కి బూట్‌కి తారుమారవుతాయి. స్క్రిప్ట్‌లో వాటిని రాయకుండా, డెవ్ డిస్క్ కింద బై ఐడీ ఫోల్డర్‌లోని పేర్లు వాడండి. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌కి సిస్ బ్లాక్ కింద ఉండే రిమూవబుల్ ఫైల్‌లో 0, అంటే రిమూవబుల్ కాదని, ఉండటం ఇక్కడా చూస్తాం. డిస్క్‌ల జాబితా చూపించే ఎల్‌ఎస్‌బీఎల్‌కే కమాండ్‌లో ట్రాన్ కాలమ్ చూస్తే యూఎస్‌బీనో కాదో తెలుస్తుంది. రూట్ ఫైల్‌సిస్టమ్ ఎల్‌వీఎం (డిస్క్‌లను కలిపి పంచే పొర) మీదో, ఎన్‌క్రిప్షన్ మీదో ఉంటే అడుగున ఉన్న అసలు డిస్క్ దాకా దిగి చూడాలి. ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆ గొలుసును తిరగేసి కూడా చూపిస్తుంది.

పరీక్షలు నిజమైన డిస్క్‌ల మీద చేయకండి. ఒక ఫైల్‌నే డిస్క్‌లా చూపించే వీహెచ్‌డీ విండోస్‌లో, లూప్ డివైస్ లినక్స్‌లో చాలు. వీహెచ్‌డీకి బస్ టైప్ 15 వస్తుంది, టెస్ట్ మోడ్‌లో 15 తప్ప మరేదీ ముట్టుకోకుండా ప్రోగ్రామ్‌ని కట్టేయొచ్చు.

అసలు పనికి దిగాక, ఏ ప్రశ్నకైనా ‘తెలియదు’ అన్న జవాబొచ్చినా, రెండు పద్ధతుల జవాబులు పొసగకపోయినా ప్రోగ్రామ్ ఆగిపోవాలి. యూజర్‌కి అక్షరం ఒక్కటే చూపించి ‘సరేనా’ అని అడగకండి. మోడల్, సీరియల్ నంబర్, సైజు చూపించి, సీరియల్‌లోని చివరి నాలుగు అక్షరాలు టైప్ చేయించండి. టైప్ చేశాక, రాత మొదలయ్యే ముందు, అదే సీరియల్‌ని డిస్క్ నుంచి మళ్లీ చదవండి, ఎందుకంటే ఈలోపు ఒకటి తీసి మరొకటి పెట్టినా అదే అక్షరం రావచ్చు. ఆ తర్వాత వాల్యూమ్‌ని లాక్ చేయండి. లాక్ దొరకలేదంటే దాని మీద ఎవరో ఫైల్ తెరిచి ఉన్నారని అర్థం, బలవంతంగా డిస్‌మౌంట్ చేసే కోడ్ అక్కడ రాయకండి.