తరగతి గదిలో మనసు గురించి మాట్లాడించడం ఎలా?

హనుమకొండ పట్టణంలోనైనా, ములుగు జిల్లాలో అడవి అంచున ఉన్న ఊరిలోనైనా, మానసిక ఆరోగ్య పాఠాన్ని ఉపన్యాసంతో కాక పిల్లల సొంత మాటలతో మొదలుపెట్టాలి. వారానికి ఒక పీరియడ్ చాలు.

మొదట భావానికి పేరు పెట్టడం నేర్పండి. "మంచిగ అనిపిస్తలేదు సార్" అని మాత్రమే చెప్పగలిగిన విద్యార్థికి అది భయమా, సిగ్గా, కోపమా, ఇంటి మీద బెంగా అని విడదీసి చూసుకోవడం వస్తే, సాయం అడగడం సులువవుతుంది. గురుకులాల్లో కొత్తగా చేరిన పిల్లలకు ఇది మరింత అవసరమని నా అభిప్రాయం. పేరు లేని చీటీలపై రాయించవచ్చు గానీ, వాటిని తరగతిలో చూపించకూడదు; చేతిరాతను తోటివారు ఇట్టే గుర్తుపడతారు.

తరువాత శ్వాస. 4 అంకెలు లెక్కిస్తూ ముక్కుతో గాలి పీల్చి, 6 అంకెలు లెక్కిస్తూ నెమ్మదిగా వదలాలి; ఊపిరి వదలడం నిదానించినప్పుడు గుండె వేగం కొంత తగ్గుతుంది. దీన్ని పదో తరగతి పరీక్షల ఉదయం కాకుండా, నెలల ముందే, మనసు కుదురుగా ఉన్న రోజుల్లోనే అలవాటు చేయించాలి.

ఎవరైనా చనిపోవాలనిపిస్తోందని చెబితే, ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి. తిట్టకుండా పూర్తిగా వినండి, ఒంటరిగా వదలకండి, ప్రధానోపాధ్యాయునికీ ఇంట్లో ఆ బిడ్డ నమ్మే పెద్దకూ వెంటనే తెలిపి, వైద్యుని వద్దకు తీసుకువెళ్లండి. 2022 అక్టోబరులో ప్రారంభమైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. ఈ రెండు నంబర్లనూ బ్లాక్‌బోర్డు పక్కన గోడపై పెద్ద అక్షరాలతో రాయించండి.