ఎర్రమట్టి దిబ్బల నుంచి సముద్రం దాకా: కుక్కతో నడక ఎలా ప్లాన్ చేసుకోవాలి

వైజాగ్‌లో కుక్కను సముద్రానికి తీసుకెళ్దామంటే అందరూ ఆర్కే బీచ్ అంటారు. వెళ్లొద్దని కాదు గానీ ఆ జనం, మురీ మిక్చర్ బండ్లు, పిల్లల కేకల మధ్య కుక్కకు నింపాదిగా వాసన చూసే తీరికే ఉండదు. రుషికొండ బీచ్‌కు 2020లో బ్లూ ఫ్లాగ్ (శుభ్రమైన బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) వచ్చింది, ఆ గుర్తింపు ఉన్న బీచ్‌ల్లో పెంపుడు జంతువుల మీద కట్టడి ఉంటుంది కాబట్టి అది కూడా పక్కన పెట్టండి. నా ఓటు భీమిలి దారిలో ఉన్న ఎర్రమట్టి దిబ్బలకే, సిటీ నుంచి 20 కిలోమీటర్ల పైచిలుకు. ముందు దిబ్బల్లో నడిచి, తర్వాత బీచ్ రోడ్డు దాటి ఇసుకలోకి దిగాలి.

ఈ వరస తిప్పకండి. దిబ్బల మధ్య గండ్లలోకి సముద్రపు గాలి సరిగా రాదు, ఎండ ఎక్కితే లోపల ఉడికిపోతుంది. అందుకే తెల్లారేసరికి అక్కడ ఉండి, పొద్దెక్కేలోపు తడి ఇసుక మీదకి వచ్చేయాలి. ఎండాకాలంలో అయితే ఏడున్నర కల్లా తిరుగు ప్రయాణంలో ఉండటం మంచిది. పాదాలకు కాలుతుందో లేదో తెలుసుకోవడానికి ఓ సులువైన పద్ధతి ఉంది. అరచేతి వెనక భాగాన్ని ఇసుక మీద ఏడు సెకన్లు ఆనించి చూడండి. మీరు తట్టుకోలేకపోతే కుక్క కూడా తట్టుకోలేదు. రోడ్డు దాటే ముందు తారు మీద కూడా ఇలాగే చూడండి.

ఈ దిబ్బలు మామూలు మట్టిగుట్టలు కావు. ఇసుక రేణువుల చుట్టూ ఐరన్ ఆక్సైడ్ పొర పట్టడం వల్ల ఆ ఎరుపు వచ్చింది. జీఎస్‌ఐ (భారత భూగర్భ సర్వే సంస్థ) గుర్తించిన భూవారసత్వ స్థలం ఇది, 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలోకి కూడా ఎక్కింది. కాబట్టి లోపలికి వెళ్లే చోట సిబ్బంది ఉంటే కుక్కను తీసుకెళ్లొచ్చా అని అడగండి, వద్దంటే వాదన పెట్టుకోకుండా నేరుగా బీచ్ వైపు పోండి. లోపల కుక్కను గోడలు తవ్వనివ్వకండి. ఆ గోడలు గట్టిగా కనిపిస్తాయి గానీ వేలితో గీస్తే పొడిపొడిగా రాలతాయి, వానల తర్వాత అయితే పెళ్లలు పెళ్లలుగా విరిగిపడతాయి. గండి అంచు మీదా నిలబడొద్దు, గోడ కిందా కూర్చోవద్దు. వానాకాలంలో ఈ నడకే వద్దంటాను.

జీడిమామిడి, తాటి, మొగలి పొదల మధ్య లీష్ (కుక్కను పట్టుకునే తాడు) పొట్టిగా పట్టుకోండి. పొదల్లో పాములుంటాయి, రక్తపింజర ఉన్నచోటు నుంచి కదలదు, కుక్కేమో ముక్కు నేరుగా అక్కడే పెడుతుంది. మెడపట్టీ కంటే హార్నెస్ (ఛాతీ చుట్టూ కట్టే పట్టీ) నయం, ఒక్కసారిగా లాగినా గొంతు మీద బరువు పడదు. నడుస్తూ నడుస్తూ ఒక కాలు ఎత్తేసి మీ వైపు చూసిందంటే పల్లేరు కాయ గుచ్చుకుందన్నమాట. వేళ్ల సందుల్లో వెంట్రుకలు పక్కకి తోసి చూస్తే బూడిద రంగు ముళ్లకాయ కనిపిస్తుంది. వేళ్లతో నొక్కితే ఇంకా లోపలికి దిగుతుంది, చిన్న ట్వీజర్ జేబులో వేసుకోండి.

ఇక బీచ్. ఇక్కడ అసలు టెన్షన్ అలల కంటే తిండితోనే. మత్స్యకారుల పల్లెల దగ్గర ఇసుక మీద చేపలు ఎండబెడతారు, అది వాళ్ల బతుకుతెరువు. మీ లాబ్రడార్ అందులో దూరిందంటే తిట్లు తినాల్సింది మీరే, తప్పూ మీదే. ఒడ్డుకు కొట్టుకొచ్చిన బుడగలాంటి చేపలు (పఫర్ ఫిష్) విషం, చచ్చిపడినవి కూడా. జెల్లీఫిష్‌ను నాకనివ్వొద్దు. తెగిన వల ముక్కల్లో గాలాలు ఉండొచ్చు. ఉప్పునీళ్లు తాగితే వాంతులు, విరేచనాలు పట్టుకుంటాయి, అందుకే దాహం వేయకముందే మంచినీళ్లు పట్టాలి. పది కిలోల కుక్కకు మామూలు రోజునే అర లీటరు కావాలి, నడక ఉన్న రోజు లీటరు సీసా పెట్టుకోండి. ఈ తీరంలో అల వెనక్కి లాగే ఊపు ఎక్కువ, ఈత బాగా వచ్చిన కుక్కనైనా లోపలికి వదలొద్దు, పాదాలు తడిస్తే చాలు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు ఈ ఒడ్డున గుడ్లు పెడతాయి. కుక్కలు వాసన పట్టి గూళ్లు తవ్వేస్తాయి. ఆ నెలల్లో లీష్ ఒక్క నిమిషం కూడా విప్పకండి, పొడి ఇసుకలోకి పోకుండా నీటి అంచునే నడవండి. అటవీ శాఖ కంచె వేసిన చోటికి అసలు దగ్గరికే వెళ్లొద్దు.

ఊరకుక్కలు గుంపుగా వస్తే పరిగెత్తొద్దు, మీ కుక్కను పక్కకి తీసుకుని మెల్లగా దారి మార్చండి. రేబిస్ టీకా వేయించకుండా మాత్రం బయల్దేరొద్దు.

నాలుక బాగా ఎర్రబడి, చొంగ చిక్కగా కారుతూ, కాళ్లు తడబడుతుంటే వడదెబ్బ. నీడలోకి తీసుకెళ్లి పొట్ట మీద, తొడల సందుల్లో నీళ్లు పోస్తూ, గాలి తగిలేలా చూస్తూ వెంటనే పశువైద్యుడి దగ్గరకు వెళ్లండి.

ఇంటికొచ్చాక ఉప్పూ ఇసుకా పోయేలా పాదాలు, పొట్ట కడిగి బాగా తుడవండి. తెల్ల కుక్క అయితే ఎర్రరంగు రెండు స్నానాలకు గానీ వదలదు, సోఫా సంగతి మీరు చూసుకోండి. ఆరాక చెవుల వెనక, చంకల్లో, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతకండి. వాటి వల్ల వచ్చే జ్వరం ముదిరితే ప్రాణం మీదకి వస్తుంది, కనిపించినదాన్ని ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని నేరుగా పైకి లాగండి.