ధ్యాన పీట మన చేతులతోనే – మూడో పాఠం: ఎత్తు, వాలు, కాళ్ళు

గత పాఠంలో కూర్చునే చెక్కను సిద్ధం చేసుకున్నాం. 18 అంగుళాల పొడవు, 7 అంగుళాల వెడల్పు, ముప్పావు అంగుళం మందం. చిత్రిక పట్టి, అంచులు నునుపు చేసి పక్కన పెట్టాం. ఇక కాళ్ళు. ఈ పాఠాన్ని నిదానంగా చదవండి, వీలైతే రెండుసార్లు చదవండి. పీట మీకు పనికొస్తుందా, అటక మీదికి చేరుతుందా అన్నది ఇక్కడే తేలిపోతుంది.

ఈ పీట మీద బాసింపట్టు వేసుకోం. వజ్రాసనంలో లాగా మోకాళ్ళు నేలకు ఆనించి, పిక్కలనూ పాదాలనూ పీట కిందికి పోనిచ్చి, పిరుదులు మాత్రం చెక్క మీద ఉంచుతాం. ఇలా మోకాళ్ళ మీద కూర్చోవడాన్ని జపానులో సెయిజా అంటారు. జెన్ ధ్యానం చేసేవాళ్ళలో కొందరు ఈ రకం పీట వాడతారు. ఒంటి బరువు మడమల మీద పడదు కాబట్టి కాళ్ళు తొందరగా తిమ్మిరెక్కవు. పది రోజుల విపశ్యన ధ్యాన శిబిరంలో రోజుకు దాదాపు పది గంటలు కూర్చోవాలి. అక్కడ తెలుస్తుంది ఈ చిన్న చెక్క విలువ.

పెళ్ళిపీట ఎత్తు ఎంతున్నా నడుస్తుంది, దీనికి నడవదు. ఎత్తు తక్కువైతే నడుము వెనక్కి జారి వీపు గూనిలా వంగుతుంది. ఎక్కువైతే భారమంతా మోకాళ్ళ మీదికి వస్తుంది. అందుకే ఇంకొకరి కొలత మీకు ఇవ్వను. మీ కొలత మీరే తీసుకోవాలి.

పుస్తకాలు దొంతర పెట్టి ఎత్తు చూసుకోవచ్చు గాని, పుస్తకం మీద కూర్చోవడం మనలో చాలామందికి మనస్కరించదు. ఇటుకలు తెచ్చుకోండి. మామూలు ఇటుక మందం దాదాపు 3 అంగుళాలు. నేల మీద మందపాటి దుప్పటి పరచి, కాళ్ళు పట్టేంత ఎడంలో రెండు వైపులా రెండేసి ఇటుకలు పడుకోబెట్టి పేర్చండి. వాటి మీద చెక్క పెట్టి కూర్చోండి. పావుగంట కదలకుండా ఉండండి. నడుము కుంగుతున్నట్టుంటే చెక్క కింద పల్చటి చెక్కముక్కలు చేర్చి మళ్ళీ కూర్చోండి. మోకాలిలో పొడిచినట్టు నొప్పి వస్తే మాత్రం ఓర్చుకోవద్దు, లేచి వైద్యుణ్ణి అడగండి. కుదిరిన ఎత్తును నేల నుంచి చెక్క పైభాగం దాకా కొలిచి రాసుకోండి. నాకు ఏడున్నర అంగుళాలు వచ్చింది.

ఇప్పుడు వాలు. నేను చేసిన మొదటి పీటకు వాలు పెట్టలేదు. చూడ్డానికి ముచ్చటగా ఉండేది. కూర్చున్న ఇరవై నిమిషాలకల్లా నడుము వంగిపోయేది, శ్వాస మీద పెట్టాల్సిన మనసంతా వీపు మీదే ఉండేది. చెక్క ముందుకు కాస్త వాలితే కటి ఎముక ముందుకు ఒరుగుతుంది, దాంతో నడుము దగ్గర ఉండాల్సిన సహజమైన వంపు నిలుస్తుంది. వెన్నును బలవంతంగా నిలబెట్టాల్సిన పని ఉండదు. నమ్మకం కుదరకపోతే ఇటుకల మీదే పరీక్షించండి. చెక్క వెనక అంచు కింద అర అంగుళం పట్టీ పెట్టి చూడండి, తరవాత అంగుళం పెట్టండి. మెడ దానంతట అదే నిటారుగా వచ్చే చోటు ఒకటుంటుంది. అది దాటితే ముందుకు జారడం మొదలవుతుంది.

చాలామందికి 6 అంగుళాల వెడల్పున్న కాలికి ముందు, వెనక ఎత్తుల మధ్య 1 అంగుళం తేడా సరిపోతుంది. కోణమానినితో పని లేదు.

నా కొలతతో లెక్క చూపిస్తాను. మొత్తం ఎత్తు ఏడున్నర. అందులోంచి చెక్క మందం ముప్పావు తీసేస్తే ఆరు ముప్పావు మిగులుతుంది. ఇది కాలి నడిమి ఎత్తు. వెనక అర అంగుళం పెంచి, ముందు అర అంగుళం తగ్గిస్తే, వెనక ఏడుంబావు, ముందు ఆరుంబావు.

ఇక్కడ నాకెంతో ఇష్టమైన కిటుకు ఒకటుంది. రెండు కాళ్ళకు రెండు వాలు కోతలు అక్కర్లేదు. 6 అంగుళాల వెడల్పు, పదమూడున్నర అంగుళాల పొడవు ఉన్న ఒకే పలక తీసుకోండి. రంపం తినే చెక్క కోసం పావు అంగుళం అదనంగా ఉంచుకుంటే మంచిది. ఎడమ అంచున కింది నుంచి ఏడుంబావు దగ్గర, కుడి అంచున ఆరుంబావు దగ్గర గుర్తు పెట్టి, రెండింటినీ కలుపుతూ గీత గీయండి. ఆ గీత మీద ఒక్క కోత. పై ముక్కను తలకిందులు చేసి మొదటిదాని పక్కన పెట్టి చూడండి. రెండూ కవల పిల్లల్లా ఉంటాయి. చెక్క నార కూడా రెండింటిలో నిలువుగానే ఉంటుంది. నార అడ్డంగా ఉన్న కాలు బరువు పడితే చీలిపోతుంది, ఆ పొరపాటు చేయకండి.

గీతను పలక రెండు ముఖాల మీదా గీయండి. పలకను బల్లకు గట్టిగా బిగించి, మొదట రంపాన్ని రెండు మూడుసార్లు మీ వైపు మెల్లగా లాగి గాడి పడనివ్వండి, ఆ తరవాతే ముందుకు నెట్టండి. కోత పూర్తి కావచ్చినప్పుడు రెండో ముక్కను ఎడమచేత్తో ఆపి పట్టుకోండి. లేకపోతే చివర పెచ్చు ఊడుతుంది.

అడుగున మిగిలిన అదనపు చెక్కను మూలమట్టం (లంబకోణం సరిచూసే పనిముట్టు) పెట్టి తిన్నగా కోయండి. రెండు కాళ్ళనూ జంటగా బిగించి, చదునైన చెక్కముక్కకు చుట్టిన గరుకు కాగితంతో పై అంచులను కలిపి రుద్దండి. వేళ్ళతో తడిమితే రెండింటి మధ్య గట్టు తగలకూడదు.

కాళ్ళను వెంటనే బిగించకండి. వారం రోజులు నీడలో, గాలి ఆడేలా నిలబెట్టి ఉంచండి. కోసిన అంచుల దగ్గర పగులు కనిపిస్తే ఆ ముక్క పక్కన పెట్టి కొత్తది కోసుకోండి. వచ్చే పాఠానికి బరమా (చెక్కకు బెజ్జాలు వేసే పనిముట్టు), చెక్క జిగురు, 2 అంగుళాల మరమేకులు ఆరు దగ్గర పెట్టుకోండి.