బొల్లి మచ్చలున్న ముఖానికి ఫోటో తీసేటప్పుడు

పెళ్లిసంబంధం కోసం ఫోటో తీయించుకోవడానికి వచ్చిన అమ్మాయి చెంప మీద బొల్లి మచ్చ ఉంటే, అడగకుండానే దాన్ని కంప్యూటరులో చెరిపి ఇచ్చిన రోజులు నాకూ ఉన్నాయి. అలా చెరిపిన ప్రతిసారీ, ఆ ముఖం నలుగురికీ చూపదగినది కాదని ఆమెకూ ఆమె ఇంటివారికీ నేనే చెప్పినట్లయిందని ఆలస్యంగా గ్రహించాను.

బొల్లి అంటువ్యాధి కాదు. చర్మానికి రంగునిచ్చే మెలనిన్‌ను తయారుచేసే కణాలు నశించిన చోట తెలుపు తేలుతుంది, అంతే. అయినా శ్వేతకుష్టు అన్న పాత పేరు వల్ల కుష్టు భయం దీనికీ అంటుకుంది. న్యూయార్క్ ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ రిక్ గ్విడోటీ, అల్బినిజం (పుట్టుకతోనే చర్మానికి, జుట్టుకు రంగు లేకపోవడం) ఉన్న ఒక అమ్మాయి అందానికి ముచ్చటపడి వైద్య పుస్తకాలు తిరగేస్తే, అటువంటివారిని దీనంగా చూపే బొమ్మలే కనిపించాయి. 1998లో ఆయన, అటువంటివారి అందాన్ని ఫోటోల్లో చూపే పాజిటివ్ ఎక్స్‌పోజర్ సంస్థను ప్రారంభించడానికి అదే కారణం.

కెమెరా బయటికి తీయకముందే, మచ్చలు కనబడటం ఇష్టమో కాదో, ఫోటో ఎవరెవరు చూడవచ్చో ఆ మనిషినే అడగాలి. పక్కనున్న తల్లినో అన్ననో కాదు. వద్దంటే ఆ మాటే చెల్లాలి.

ఇక వెలుగు. మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టకూడదు, ఎందుకంటే మెలనిన్ లేని చర్మం త్వరగా కమిలిపోతుంది. కోనసీమలో కొబ్బరితోట నీడ చల్లగా ఉంటుంది కాబట్టి అక్కడికే వెళ్లాలనిపిస్తుంది. అయితే ఆకుల పచ్చదనం చామనఛాయ మీద కంటే తెల్ల మచ్చ మీద ఎక్కువగా తేలి, దానికి లేని రోగపు ఛాయను తెస్తుంది, ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలేమో మచ్చలతో కలిసిపోయి ఏది వెలుగో ఏది చర్మమో తెలియనివ్వవు. పెంకుటింటి చూరు కింద, వీధి అరుగు మీద కూర్చోబెట్టి ముఖం వీధివైపు తిప్పించడం మేలు. మచ్చలోని సన్నని చర్మపు గీతలు కనబడేదాకా ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి చేరే వెలుగు) తగ్గించి, ముదురు భాగపు వెలుగును తరువాత కొద్దిగా పెంచుకోవాలి. ఫోన్‌లో అయితే చర్మాన్ని నునుపు చేసి చూపే బ్యూటీ మోడ్ ఆపేయాలి. ఫోకస్ కంటి మీదే ఉండాలి, మచ్చ మీద కాదు.

నర్సాపురం దగ్గర లేసు అల్లే ఒకావిడకు వేళ్లన్నీ కణుపుల దాకా తెల్లబడ్డాయి. కెమెరా చూడగానే చేతులు కొంగు కింద దాచుకున్నారు. "మీ పని మీరు చేసుకోండి, నేను కూర్చుంటాను" అన్నాను. అరగంట తరువాత ఆ చేతులు వాటంతటవే అల్లికలో పడ్డాయి. చూపుడువేలికి చుట్టిన తెల్లదారాన్ని సూది కొక్కెం లాగుతున్న క్షణాన తీసిన ఫోటోను ఆవిడ చాలాసేపు చూసి, "ఈ వరుసలో ఒక కన్ను తప్పిందండీ" అన్నారు.

ఫోటో కింద పేరు, ఊరు, చేసే పని రాస్తే చాలు. 'బొల్లితో బాధపడుతున్న' అని రాయకూడదు. వారు ఒప్పుకుంటే స్టూడియో అద్దాల్లో పెళ్లికూతుళ్ల ఫోటోల వరుసలోనే దాన్నీ పెట్టాలి, విడిగా ఒక మూల కాదు.